క్యారీలో లియాన్ పో కథ

రాఘవులు ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. సినిమాకి వెళ్తే, ఇంటర్వెల్ లేని ఈ దేశంలో, తన ఇంటర్వెల్ తనే ఇచ్చుకుని బయట పచార్లు చేసి వచ్చేవాడు. అన్నం తింటూ సగంలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. బయట ఏమీ జరగడం లేదని ఖాయం చేసుకుని వచ్చి పెరుగు కలుపుకునేవాడు. న్యూజెర్సీలో ఒక కంపెనీ, ఒహాయోలో ఇంకొకటి, చివరికి నార్త్ కరోలినాలో ఈ క్యారీ. ఎక్కడికి వెళ్ళినా సామాన్లు పూర్తిగా విప్పకముందే ఆ ఊరు ఇరుకైపోయిందనేవాడు.

"మీ కాళ్ళ కింద ఎవరో పెనం పెట్టారండీ," అనేది భార్య వసంతలక్ష్మి.

ఆయన కుదురు దొరికేది ఒక్కచోటే. తలపాగా చుట్టి, అంగరఖా తొడిగి, కాళ్ళకి గజ్జెలు కట్టి, తంబుర భుజాన వేసుకున్నప్పుడు. అప్పుడు కూడా ముందుకి రెండడుగులు, వెనక్కి రెండడుగులు. కానీ మనసు నిలబడేది. గుడివాడలో మేనమామ బుర్రకథ దళంలో పదేళ్ళప్పుడు మొదలైన ఆట అది. మందుల కంపెనీలో యంత్రాలు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం జీవితమంతా చేశాడు గానీ, ఎవరైనా 'మీరేం చేస్తారండీ' అని అడిగితే ముందు 'కథ చెప్తాను' అనేవాడు.

బుర్రకథకి ముగ్గురు కావాలి. మధ్యలో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు. ఒక వంత హాస్యం చెప్పాలి, ఇంకో వంత నేటి లోకం సంగతులు ఎత్తాలి. క్యారీలో హాస్యం వసంతలక్ష్మి చెప్పేది. పెళ్ళయిన కొత్తలో మనిషి దొరక్క ఆమె చేతికి గుమ్మెట ఇచ్చాడు, ఆ తరువాత ఆమె దాన్ని దించలేదు. రెండో వంత పాపయ్య. పక్క ఊరు మోరిస్‌విల్‌లో ఉండే కరీంనగర్ మనిషి, సాఫ్ట్‌వేర్ టెస్టర్. కథకుడు ఒక చరణం పాడి ఆపగానే వంతలు ఇద్దరూ 'తందాన తానా' అని అందుకుంటారు. వినేవాళ్ళకి అది తాళం. కథకుడికి మాత్రం అది ఊపిరి పీల్చుకునే వ్యవధి. ఈ సంగతి మేనమామ ఆయనకి చెప్పాడు, ఆయన వసంతలక్ష్మికి చెప్పాడు: "వంత అంటే పాట కాదు, నా ముక్కుపుటాలు."

లియాన్ పో కథ ఆయనకి దొరికింది ఆఫీసులో లంచ్ బల్ల దగ్గర. అక్కడ షెన్ అని ఒక చైనాయన పనిచేసేవాడు. ఇద్దరూ అన్నం డబ్బాలు తెచ్చుకునేవాళ్ళే కాబట్టి ఒకే మైక్రోవేవ్ ముందు నిలబడేవాళ్ళు. షెన్ తమ దేశపు పాత సేనాపతుల సంగతులు రోజుకి కాస్త చొప్పున చెప్పేవాడు. బదులుగా రాఘవులు బొబ్బిలి కోట ఎలా కూలిందో చెప్పేవాడు. వాటిలో రాఘవుల్ని పట్టుకున్నది లియాన్ పో.

రెండువేల ఏళ్ళకి పైమాట. జావో అనే రాజ్యానికి లియాన్ పో సేనాపతి. కోటలు పట్టాడు, రాజ్యాలు గెలిచాడు. చివరికి చిన్ అనే పెద్ద రాజ్యం దండెత్తి వస్తే చాంగ్‌పింగ్ దగ్గర గోడలు కట్టుకుని వాటి వెనకే కూర్చున్నాడు. శత్రువు ఎంత కవ్వించినా బయటికి రాలేదు. వాళ్ళే అలిసిపోతారని ఆయన లెక్క. రాజుకి ఓపిక లేకపోయింది. 'భయపడ్డాడు' అని లియాన్ పోని తీసేసి, యుద్ధ శాస్త్రం కంఠతా వచ్చిన ఒక కుర్రాణ్ణి పంపాడు. ఆ కుర్రాడు గోడ దాటాడు. జావో సైన్యం సర్వనాశనమైంది. తరువాత లియాన్ పోని మళ్ళీ పిలిచారు, మళ్ళీ గెలిచాడు, మళ్ళీ తీసేశారు. ఈసారి కోపం పట్టలేక పక్క రాజ్యానికి వెళ్ళిపోయాడు. అక్కడివాళ్ళు మర్యాద చేశారు గానీ పని ఇవ్వలేదు.

ఆ ముసలితనంలో జావో రాజు మళ్ళీ తలుచుకుని, మనిషి ఇంకా పనికొస్తాడో లేదో చూసి రమ్మని దూతని పంపాడు. లియాన్ పో ఆ దూత ముందు కుంచెడు అన్నం తిన్నాడు, గంపెడు మాంసం తిన్నాడు, కవచం తొడిగి గుర్రమెక్కి చూపించాడు. ఆ దూత అప్పటికే పగవాళ్ళ దగ్గర లంచం తిన్నవాడు. వెళ్ళి రాజుతో ఏమన్నాడంటే: 'సేనాపతి ముసలివాడైనా బాగా తింటున్నాడు. కానీ నాతో కూర్చున్న కాసేపట్లోనే మూడుసార్లు దొడ్డికి వెళ్ళాడు.' రాజు ఇంక పిలవలేదు.

ఈ దూత దగ్గరికి వచ్చేసరికి షెన్ నవ్వాడట. రాఘవులు నవ్వలేదు. ఆ పూట ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "ఒక్క మాట వసంతా! ఒక్క మాటతో మనిషిని ముగించేశాడు," అన్నాడు.

అప్పటికి ఆయన రిటైరవలేదు, జబ్బూ లేదు. తరువాత రెండూ వెంట వెంటనే వచ్చాయి. కంపెనీ ఆ విభాగాన్ని మూసేసింది. ఆ చలికాలంలోనే గుండె పంపింగ్ సగానికి పడిపోయిందని డాక్టర్ చెప్పింది. ఉప్పు తగ్గించాలి, బరువులు ఎత్తకూడదు, ఆయాసం వస్తే ఎక్కడివాడు అక్కడ ఆగిపోవాలి. ఆగిపోవడం అనే మాట విని రాఘవులు డాక్టర్ వంక జాలిగా చూశాడు.

ఇంట్లో ఉండి లియాన్ పోని తెలుగులోకి దించాడు. కాగితం మీద కాదు. వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వంటగదిలోకి నడుస్తూ పైకి పాడుకుంటూ కట్టాడు. చరణం కుదరకపోతే ఫ్రిజ్ తలుపు తీసి, అందులో ఏదో మాట దాక్కున్నట్టు వెతికి, మూసేవాడు. "ఉగాదికి దీన్ని చెప్పాలి," అన్నాడు. "ఈ ఉగాదికి." వచ్చే ఉగాది అన్న మాట ఆయన ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. ఆ ఏడు ఆగస్టులో ఆయన పోయాడు. కానీ మార్చి నెలలో ఆ ఇంట్లో ఉన్నది చావు గురించిన భయం కాదు, లియాన్ పో నోట్లోనే ఉండిపోతాడేమోనన్న ఆరాటం.

తెలుగు సంఘానికి ఆ ఏడు కల్చరల్ సెక్రటరీ నిశాంత్. ముప్ఫై ఏళ్ళవాడు, ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాడు. "అంకుల్, ఐటెం గురించి మాట్లాడటానికి శనివారం వస్తా," అని ఫోన్ చేశాడు. ఐటెం గురించి మాట్లాడటానికి ఫోన్ చాలు. రాఘవులు ఫోన్ పెట్టేసి చేతులు రుద్దుకున్నాడు.

"దూత వస్తున్నాడు వసంతా! గోంగూర మాంసం వండు."

"ఉప్పు వెయ్యను."

"వెయ్యకు. తినేవాణ్ణి నేను. చూసేవాడికి ఉప్పు కనపడదు."

శనివారం మధ్యాహ్నం నిశాంత్ ముందు ఆయన నిజంగానే సేనాపతిలా తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. తిన్న చేయి కడుక్కుని లోపలికి వెళ్ళి తలపాగాతో, గజ్జెలతో వచ్చాడు. భోజనాల బల్ల చుట్టూ ఒక చుట్టు అడుగులు వేశాడు. నిశాంత్ చప్పట్లు కొట్టాడు.

"సూపర్ అంకుల్! మా డాడీ మీ ఏజ్‌లో సోఫా దిగడు."

రాఘవులు బల్ల అంచు పట్టుకుని, గొంతు పెంచి, కథలో లియాన్ పో అన్నట్టే అన్నాడు: "చూశావా దూతా! ఈ చేతిలో కత్తి నిలుస్తుందా, నిలవదా?" అని తల కొంచెం ఎడమకి తిప్పి వసంతలక్ష్మి వైపు చూశాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ చూపుకి ఒకటే అర్థం. కథకుడు గొంతు పెంచి ఇటు తిరిగాడంటే హాస్యం వంత అందుకోవాలి. ఆలోచిస్తే తాళం తప్పుతుంది. వసంతలక్ష్మి చేతిలో గరిటె ఉంది. గరిటెతోనే బల్ల మీద ఒక దెబ్బ వేసి అందుకుంది:

"కత్తికేం, నిలుస్తుంది నాయనా! మేడ మెట్లెక్కడానికే మూడుచోట్ల కూర్చుంటారు!"

రాఘవులు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నిశాంత్ కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

సోమవారం ఈమెయిల్ వచ్చింది. కమిటీ చర్చించింది, ఆడిటోరియంవాళ్ళ ఇన్సూరెన్స్ నిబంధనలు కఠినంగా ఉన్నాయి, అంకుల్ ఆరోగ్యమే మనకి ముఖ్యం. కనుక ఈసారి బుర్రకథ బదులు రాఘవులు గారికి ఘన సన్మానం. శాలువా, జ్ఞాపిక.

రాఘవులు దాన్ని నిలబడే చదివాడు. "శాలువా," అన్నాడు. "మర్యాద చేస్తారు, పని ఇవ్వరు." ఆమెని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆమెకి అనిపించింది. ఆ వారమంతా ఇంట్లో పాట వినిపించలేదు. నడక మాత్రం ఆగలేదు, నెమ్మదించింది. హాల్లోంచి వంటగదికి, వంటగదిలోంచి హాల్‌కి. ఆ చప్పుడు వింటూ వసంతలక్ష్మి ఉల్లిపాయలు తరిగేది, తరిగినవి మళ్ళీ తరిగేది.

అది ఉత్త జోకేనా? అలవాటు మీద వచ్చిన మాట, నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళలో కొన్ని వందల జోకులు వేసింది. కత్తి గురించి వెయ్యొచ్చు, గోంగూర గురించి వెయ్యొచ్చు, ఆయన బట్టతల గురించి వెయ్యొచ్చు. మెట్లే ఎందుకు వచ్చాయి? రోజూ ఆయన మెట్ల మీద కూర్చుని ఊపిరి కోసం తడుముకోవడం ఆమె కింద నిలబడి చూస్తోంది. చెప్పుకోవడానికి మనిషి లేక, చివరికి కమిటీవాడు ఇంటికొస్తే వాడికి చెప్పిందా?

కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఉండే కూతురు రిషిత ఫోన్‌లో, "అమ్మా, యు డిడ్ ద రైట్ థింగ్. నాన్న మ్యాడ్ అవుతాడు, ఇట్స్ ఓకే. బట్ హి ఈజ్ సేఫ్, రైట్?" అంది.

"సేఫే. మీ నాన్నకి అది పడదు."

"ఏంటి పడదు?"

"సేఫ్."

ఆ తరువాతి ఆదివారం ఇండియన్ స్టోర్‌లో బెండకాయల దగ్గర నిశాంత్ కనిపించాడు. వసంతలక్ష్మి పక్కన బండి తోస్తూ పాపయ్య ఉన్నాడు. నిశాంత్ ఆమెని చూసి సంచిలో కాయలు లెక్కపెట్టుకుంటున్నట్టు తల దించుకున్నాడు.

"నిశాంత్, ఇటు చూడు నాన్నా. ఆ రోజు నేనొక మాటన్నాను."

"ఆంటీ, మీరేం ఫీల్ అవ్వకండి. నేనే కమిటీకి చెప్పా. అది జోకేనని నాకు తెల్సు, కానీ..."

"జోకే. నిజం కూడా. మూడుచోట్ల కూర్చుంటారు, ఒక్కోసారి నాలుగు. నువ్వు తప్పు చెప్పలేదు. అయితే ఆ మాట సగంలో ఆపేశాను. మిగతాది ఇప్పుడు విను. కూర్చున్నాక మళ్ళీ లేస్తారు. పైకి చేరతారు. ఇంతవరకు ఒక్కసారి కూడా మధ్యలోంచి కిందికి దిగిరాలేదు."

నిశాంత్ బెండకాయ చివర తుంచాడు. "స్టేజ్ మీద ఏమన్నా అయితే, ఆంటీ?"

"ఇంట్లో కూర్చోబెట్టినా అవుతుంది. ఇంట్లో అయితే నువ్వు చూడవు, అంతే తేడా."

"అట్లనకండి ఆంటీ..."

పాపయ్య బండి ఆపాడు. "తమ్మీ, ఆ బెండకాయలన్నీ తుంచినవ్, ఇగ అన్నీ నువ్వే కొనాలె. అన్నకు ఒక పావుగంట ఇయ్యి. లంచ్ అయినంక ఇయ్యి. జనాలు నిద్రల ఉంటరు, ఎవ్వలు చూస్తరు? స్టేజ్ ఎనక ఒక కుర్చీ ఎయ్యి, మన సంఘంల డాక్టర్ రెడ్డిగారు ఉన్నరు గదా, ఆయన్ను ముందు వరసల కూసోబెట్టు. అయిపాయె."

నిశాంత్ సంచి మూతి కట్టాడు. "పదిహేను నిమిషాలు. కుర్చీ కంపల్సరీ. నేను చెయ్యి ఊపితే ఆపేయాలి."

ఇంటికి వచ్చి చెప్పగానే రాఘవులు అడిగింది ఒక్కటే: "పావుగంటలో లియాన్ పోని ఎక్కడిదాకా తీసుకెళ్ళగలం?" వెంటనే వంటగది వైపు నడక మొదలు పెట్టాడు, పాట పైకి వచ్చింది.

ఉగాది వేడుక నాడు స్కూల్ ఆడిటోరియంలో లంచ్ క్యూ ఇంకా తెగలేదు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. ముందు వరసలో పులిహోర ప్లేట్లతో నలుగురైదుగురు, డ్యాన్స్ మేకప్ చెరగని ఆడపిల్లలు, చివర్లో ఒంటరిగా షెన్. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు, అయినా టై కట్టుకుని వచ్చాడు. స్టేజ్ మీద రాఘవుల వెనక కుర్చీ వేశారు. రాఘవులు దాన్ని ఒకసారి చూశాడు.

"పాపయ్యా, ఈ కుర్చీని చూసి సేనాపతి గుర్రం బెదురుతుంది. దాని మీద ఏదైనా కప్పు."

పాపయ్య తన కోటు తీసి కుర్చీ మీద పడేశాడు. తంబుర మోగింది.

"గోడ వెనకే కూర్చున్నాడు ముసలి సేనాని!
కోట దాటి రమ్మంటే రాడు మొండి సేనాని!"

"తందాన తానా!"

గొంతు పాతదే. అడుగు చిన్నదైంది గానీ తాళం తప్పలేదు. ప్లేట్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి వచ్చారు. చిన్ సైన్యం కవ్విస్తోంది, లియాన్ పో కదలడు, జావో రాజు కొలువులో మంత్రులు గుసగుసలాడుతున్నారు. "అంతట రాజు కబురంపాడయ్యా..." అని ఎత్తుకున్న రాఘవులు, కబురేమిటో చెప్పలేదు.

వసంతలక్ష్మి ఆయన మెడ చూసింది. నరం ఉబ్బింది. పెదవులు తెరుచుకున్నాయి, గాలి లోపలికి వెళ్ళడం లేదు. ముందు వరసలో డాక్టర్ రెడ్డి ప్లేటు కింద పెట్టాడు. స్టేజ్ పక్క తెర దగ్గర నిశాంత్ చెయ్యి సగం లేచింది.

వంతలు కథ చెప్పకూడదు. అది కథకుడి సొత్తు. వంతలు చెయ్యగలిగింది ఒకటే. ఆమె గుమ్మెట మీద గట్టిగా దెబ్బ వేసింది.

"తందాన తానా! ఏం కబురంపాడు పాపయ్యా? మా ఇంటి ప్లంబర్‌కి నేనంపినట్టా, ఎప్పుడొస్తావు బాబూ అని?"

పాపయ్య అందుకున్నాడు. "తందాన తానా! రాజుకు ఓపిక లేదు వదినా!"

"నీకుందా ఓపిక? లియాన్ పో గోడ వెనక మూడేళ్ళే ఉన్నాడు. నీ గ్రీన్ కార్డ్ ఎన్నాళ్ళయింది?"

"పద్నాలుగేండ్లు! గోడెనకనే ఉన్న! ఇంకా కబురు రాలే!"

హాలు గొల్లుమంది. వెనక నుంచి ఎవరో "మాదీ అంతే అన్నా!" అని అరిచారు. వసంతలక్ష్మి ఆగలేదు. కాలనీలో ఇళ్ళ రూల్స్ చూసే హెచ్‌ఓఏవాళ్ళు తన తులసి కుండీ మీద రాసిన నోటీసు ఎత్తుకుంది. పాపయ్య తన కారుని పార్కింగ్‌లోంచి ఎన్నిసార్లు టో చేసి ఈడ్చుకెళ్ళారో ఎత్తుకున్నాడు. ప్రతి జోకుకీ మధ్య ఒక తందానా, ప్రతి తందానాకీ ఆమె చూపు ఆ మెడ మీద. నరం కొంచెం దిగింది. ఇంకొంచెం దిగింది. రాఘవులు కళ్ళు మూసుకుని ముక్కుతో గాలి పీలుస్తున్నాడు. కుర్చీ వైపు చూడలేదు. చివరికి వేలి ఉంగరంతో తంబుర మీద తాళం వేశాడు. ఆమె ఆపేసింది.

"...కబురంపాడయ్యా! నిన్ను తీసేశామని కబురంపాడు!"

హాల్లోవాళ్ళు జోకుల మీంచి నేరుగా ఆ మాట మీదికి వచ్చి పడ్డారు. లియాన్ పో చాంగ్‌పింగ్ గోడ దిగి, సైనికులు అటూ ఇటూ నిలబడి చూస్తుండగా, తన పతాకం తనే మడుచుకుని వెళ్ళిపోవడం రాఘవులు పాడకుండా వచనంలో చెప్పాడు, తగ్గించిన గొంతుతో. అక్కడికి నిశాంత్ చెయ్యి ఊపాడు. పావుగంట ఎప్పుడో దాటిపోయింది. షెన్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్ళు లేచారు.

పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసరికి రాఘవులికి మళ్ళీ కుదురు లేదు. సగమే చెప్పాడు. తిరిగి పిలవడం, దూత, పరాయి రాజ్యం, అన్నీ మిగిలిపోయాయి. కార్‌లో సీట్ బెల్ట్ పెట్టుకుంటూనే ఎత్తుకున్నాడు. వసంతలక్ష్మి డ్రైవ్ చేస్తూ స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసింది. సాయంత్రపు ఎండ పైన్ చెట్ల మధ్య నుంచి వచ్చి ఆయన తలపాగా మీద పడి జారిపోతోంది. సిగ్నల్ దగ్గర పక్క కారులో అమ్మాయి వీళ్ళని చూసి అద్దం దించింది.

ఇంటికి చేరేసరికి లియాన్ పో చివరి ఊళ్ళో ఉన్నాడు. పని ఇవ్వని ఆ పక్క రాజ్యం వదిలి చూ అనే ఇంకో రాజ్యం చేరాడు. అక్కడివాళ్ళు ఆయనకి సైన్యం ఇచ్చారు, పదవి ఇచ్చారు. కానీ ఏ విజయమూ రాలేదు. కారు డ్రైవ్‌వేలో ఆగింది. ఆయన దిగలేదు.

"ఎందుకు రాలేదయ్యా?" అంది ఆమె, వంత అడగవలసినట్టే.

"నాకు జావో మనుషులు కావాలి, అన్నాడు. అంతే. వాళ్ళు దొరకలేదు. ఆ ఊళ్ళోనే పోయాడు."

ఇంజన్ ఆగిపోయాక కారు లోపల ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది, ఎక్కుతూ, దిగుతూ. ఆమె అటు తిరిగింది. లోపలికి వెళ్దామని అనబోయింది.

"ఒక్క వంతే ఉంది," అన్నాడాయన. "రెండో పక్క బోసిగా ఉంది. పాపయ్యకి ఫోన్ చెయ్. స్పీకర్‌లో పెట్టు."

"ఇప్పుడా? ఆయన డ్రైవ్ చేస్తుంటాడండీ."

"చేస్తే మంచిదే, చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి. తాళం వేసుకుంటాడు."

ఆమె నంబర్ నొక్కింది. రెండు రింగులకి పాపయ్య ఎత్తాడు.

"ఏంది వదినా, అన్న మంచిగున్నడా?"

"ఉన్నారు. మిగతా సగం చెప్తారట."

అటువైపు ఇండికేటర్ టిక్కుటిక్కుమంటున్న చప్పుడు, తరువాత ఎక్కడో పక్కకి తీసి కారు ఆపిన చప్పుడు.

"చెప్పన్నా," అన్నాడు పాపయ్య. "తందానా."